వెయ్యి నుంచి రెండున్నర వేల లోపు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ఎంచుకోవడం ఎలా?

రెండున్నర వేల లోపు దొరికే ఇయర్‌బడ్స్ డబ్బాల మీద ఇప్పుడు లేని మాటంటూ లేదు. యాభై గంటల బ్యాటరీ, నాలుగు మైకులు, 13 మి.మీ. డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), గేమింగ్ మోడ్, అన్నీ ఉంటాయి. రెండు కంపెనీల డబ్బాలు పక్కపక్కన పెడితే రంగు తప్ప తేడా దొరకదు. చెవిలో పెట్టుకుంటే మాత్రం ఒకటి హాయిగా ఉంటుంది, రెండోది వారం తిరక్కుండా సొరుగులోకి చేరుతుంది. ఈ ధరలో మంచిచెడ్డలు తేల్చేవి మూడు: బడ్ మీ చెవిలో ఎంత బిగువుగా కూర్చుంటుంది, మీ గొంతు అవతలివాళ్లకు ఎలా చేరుతుంది, పాడైతే మీ ఊళ్లో దిక్కెవరు. ఈ మూడూ డబ్బా మీద అచ్చు వేయరు. వాటిని మీరే ఎలా తేల్చుకోవాలో వరసగా చూద్దాం.

ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకోండి

బడ్స్ మీ చెవిలో ఎక్కువసేపు ఉండేది ఎక్కడ? ఒక్క జవాబే రాసుకోండి. "అన్నిటికీ" అని రాస్తే ఎంపిక ముందుకు సాగదు. ఈ ధరలో అన్ని పనులూ బాగా చేసేది దొరకదు, ఒక పని బాగా చేసేది తప్పకుండా దొరుకుతుంది.

ఆర్టీసీ బస్సు, మెట్రో, రైలు ప్రయాణాలు ఎక్కువైతే చెవి రంధ్రంలోకి వెళ్లే సిలికాన్ రబ్బరు ఉన్న రకం, దానికి ఏఎన్‌సీ (బయటి మోతను మీ చెవికి తగ్గించే ఏర్పాటు) తోడుగా ఉన్నది చూడండి. రోజంతా కాల్స్ మాట్లాడే ఉద్యోగమైతే ఏఎన్‌సీ గురించి మరిచిపోయి, కిందికి కాడ ఉన్న మోడల్ ఎంచుకోండి. మైకు నోటికి ఒక అంగుళం దగ్గరైనా మీ గొంతు, చుట్టూ ఉన్న రొద మధ్య తేడా పెరుగుతుంది. వ్యాయామానికైతే తేలిగ్గా ఉండి, చెమటకు తట్టుకునేది కావాలి. వీలైతే టచ్ బదులు నొక్కే బటన్ ఉన్నది తీసుకోండి, ఎందుకంటే తడి వేలికి టచ్ సరిగా స్పందించదు. ఇంట్లో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ వినేవాళ్లకు, చెవిపోటు, దురద తరచుగా వచ్చేవాళ్లకు రబ్బరు లేని సగం లోపలి రకం మేలు. చెవిలో గాలి ఆడుతుంది, కాలింగ్ బెల్లు వినబడుతుంది. అయితే బస్సులో దాని పాట ఇంజిన్ మోత కింద మునిగిపోతుంది.

ధర చదివే పద్ధతి

ఎంఆర్‌పీ 4,990, ఇప్పుడు 1,199, తగ్గింపు 76 శాతం అని కనిపిస్తే ఆ శాతాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఏడాది పొడవునా పన్నెండు వందలకు అమ్ముడయ్యే సరుకు విలువ పన్నెండు వందలే. పోల్చాల్సింది ఇవాళ్టి ధరను గత రెండు మూడు నెలల అమ్మకం ధరతో. పాత ధరలు చూపించే సైట్లు, యాప్‌లు ఉన్నాయి, లింకు అతికిస్తే గీత గీసి చూపిస్తాయి. దసరా, దీపావళి సేల్‌లో కొన్ని వందలు నిజంగానే తగ్గుతాయి. అంతవరకు ఆగగలిగితే ఆగండి.

వెయ్యి లోపు వాటిలో పాట సరే అనిపించినా మైకు, బ్యాటరీ ముందు చేతులెత్తేస్తాయి. వెయ్యి నుంచి పదిహేను వందల మధ్య పాటలకు, మామూలు కాల్స్‌కు సరిపోయేవి వస్తాయి. పదిహేను వందలు దాటాక పనిచేసే ఏఎన్‌సీ, ఈక్వలైజర్ (బేస్, గొంతు పాళ్లను పెంచి తగ్గించే గీతలు) మార్చుకునే యాప్, రెండు పరికరాలకు ఒకేసారి కలిసే సౌకర్యం మొదలవుతాయి. బోట్, నాయిస్, బౌల్ట్, రియల్‌మీ, వన్‌ప్లస్ నార్డ్, రెడ్‌మీ, సీఎంఎఫ్, మన హైదరాబాద్‌కే చెందిన మివి, అందరి సరుకూ ఈ పరిధిలోనే తిరుగుతుంది. ఒకే కంపెనీలో బాగా కుదిరిన మోడల్, కుదరని మోడల్ రెండూ ఉంటాయి. మోడల్ పేర్లు కూడా కొద్ది నెలలకే మారిపోతుంటాయి. అందుకే పేరు కంఠస్థం చేయడం కన్నా పరీక్ష చేసే తీరు తెలిసి ఉండటం ఎక్కువ పనికొస్తుంది.

చెవిలో బిగువు: అన్నిటికన్నా పెద్ద విషయం

బేస్ రాలేదు, సౌండ్ పలచగా ఉంది అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బడ్ కాదు, దాని రబ్బరు. రబ్బరు అంచుకూ చెవి గోడకూ మధ్య చిన్న సందు ఉన్నా చాలు, లోతైన శబ్దాలు అక్కడినుంచే జారిపోతాయి. ఏఎన్‌సీ కూడా సగం దండగవుతుంది. వినేవాళ్లేమో వాల్యూమ్ పెంచేస్తారు. దాంతో బ్యాటరీ, చెవి రెండూ నష్టపోతాయి.

డబ్బాలో సాధారణంగా మూడు సైజుల రబ్బర్లు ఇస్తారు. మధ్య సైజు బడ్స్‌కే తొడిగి ఉంటుంది. చాలామంది మిగతా రెండు జతల సంచీని విప్పకుండానే డబ్బాలో వదిలేస్తారు. మీరు విప్పండి. ఇలా చేసి చూడండి:

బడ్‌ను చెవిలో పెట్టేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకి, వెనక్కి లాగండి. చెవి దారి తిన్నగా అవుతుంది. బడ్ లోపలికి పోయాక కాడను లేదా బడ్ కింది అంచును దవడ వైపు కొద్దిగా తిప్పండి. ఇప్పుడు పాట పెట్టకుండా నోరు మూసి "మ్‌మ్‌మ్" అని మూలగండి. మీ గొంతు తలలో గంటలా మోగినట్టు, కుండలో మాట్లాడినట్టు వినిపిస్తే బిగువు కుదిరింది. మామూలుగానే వినిపిస్తే సందు ఉంది, ఒక సైజు పెద్ద రబ్బరు వేయండి. తర్వాత తల నాలుగు వైపులా ఊపండి, ఏదైనా నమలండి. దవడ కదిలినప్పుడల్లా బడ్ మెల్లగా బయటికి వస్తుంటే ఆ రబ్బరు మీకు పెద్దదై ఉండొచ్చు. చెవి దాన్ని బయటికి నెట్టేస్తుంది.

రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలన్న నియమం లేదు. కుడికి మధ్యది, ఎడమకు చిన్నది అవసరమయ్యేవాళ్లు చాలామందే ఉన్నారు. అరగంట పెట్టుకున్నాక చెవి లోపల ఒకే చోట నొప్పి పుడితే రబ్బరు మారిస్తే పోతుంది. చెవి రంధ్రం బయట ఉండే గిన్నె లాంటి భాగంలో నొప్పి వస్తే అది బడ్ ఆకారం వల్ల, రబ్బరు మార్చినా పోదు. ఆ మోడల్‌ను తిరిగి ఇచ్చేయడమే మంచిది. మూడు సైజులూ కుదరకపోతే విడిగా అమ్మే ఫోమ్ టిప్స్ ప్రయత్నించండి. వేళ్లతో నలిపి చెవిలో పెట్టి అరనిమిషం పట్టుకుంటే చెవి ఆకారానికి ఉబ్బుతాయి. కొన్ని నెలలకు అరిగిపోతాయి. కొనే ముందు అవి మీ ఛార్జింగ్ కేస్‌లో మూత పడనిచ్చేంత పొట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఏఎన్‌సీ వేరు, ఈఎన్‌సీ వేరు

ఈ ఒక్క అక్షరం తేడా దగ్గర జనం ఎక్కువగా మోసపోతున్నారు. ఏఎన్‌సీ మీ చెవి కోసం. బయటి మోతను మైకుతో విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని మీ చెవిలోకి పంపి, ఆ మోతను తగ్గిస్తుంది. ఈఎన్‌సీ అవతలివాళ్ల చెవి కోసం. మీరు కాల్ మాట్లాడుతున్నప్పుడు మీ మైకులో పడే రొదను తీసేస్తుంది. ఈఎన్‌సీ ఉన్న బడ్ పెట్టుకుని బస్సెక్కితే దానివల్ల మీకు ఇంజిన్ మోత ఏమాత్రం తగ్గదు. పన్నెండు వందల బడ్ పేజీలో "నాయిస్ క్యాన్సిలేషన్" అని మాత్రమే రాసి ఉంటే అది చాలాసార్లు ఈఎన్‌సీయే. ఏఎన్‌సీ అన్న మూడక్షరాలు, పక్కన డెసిబెల్ అంకె, ఆపడానికీ పెట్టడానికీ మోడ్, ఈ మూడూ ఉన్నాయో లేదో వివరాల పట్టికలో వెతకండి.

డెసిబెల్ అంకె విషయం కూడా చెప్పుకోవాలి. 32 డెసిబెల్స్, 45 డెసిబెల్స్ అని రాసేది ఒకానొక స్వరస్థాయి దగ్గర వచ్చే గరిష్ఠ తగ్గుదల. అన్ని శబ్దాలూ అంత తగ్గవు. ఏఎన్‌సీ బాగా పనిచేసేది ఒకే తీరుగా సాగే లోతైన హోరు మీద: బస్సు ఇంజిన్, ఏసీ, ఫ్యాన్, విమానం, రైలు బోగీ కింద మోత. మనుషుల మాటలు, హారన్, కుక్కర్ విజిల్, కుక్క అరుపు లాంటి హెచ్చు శ్రుతి శబ్దాలను ఆపేది ఎక్కువగా రబ్బరు బిగువే. పక్క సీటులో మాటలు వినబడుతున్నాయని బడ్స్‌ను తప్పు పట్టే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఫ్యాన్ ఐదులో పెట్టి కింద కూర్చోండి. పాట లేకుండా బడ్స్ పెట్టుకుని ఏఎన్‌సీ ఆపి పది సెకన్లు, పెట్టి పది సెకన్లు వినండి. ఫ్యాన్ గాలి హోరు చెప్పుకోదగ్గంతగా పడిపోవాలి. హోరు అలాగే ఉండి సన్నని "స్‌స్" శబ్దం మాత్రం కొత్తగా వచ్చి చేరితే ఆ ఏఎన్‌సీ పేరుకే ఉంది. పెట్టిన వెంటనే చెవిలో ఒత్తిడి, తల తిరుగుడు అనిపించేవాళ్లు కొందరుంటారు. మీరు వాళ్లలో ఒకరైతే ఏఎన్‌సీకి అదనంగా డబ్బు పెట్టకండి.

బ్యాటరీ లెక్క

"50 గంటలు" అన్నది బడ్స్, కేస్ కలిపి చెప్పిన మొత్తం. మీకు కావలసిన అంకె ఒక్కటే: ఒకసారి ఛార్జ్ చేస్తే చెవిలో ఎన్ని గంటలు. ఈ ధరలో అది సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది గంటలు. కంపెనీ చెప్పే గంటలు చాలావరకు సగం వాల్యూమ్‌లో, ఏఎన్‌సీ ఆపి కొలిచినవి. ఏఎన్‌సీ పెడితే పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతాయి. కాల్స్ మాట్లాడితే మైకు, దాని వెనక పని వల్ల ఇంకా తగ్గుతాయి.

వివరాల్లో ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత) అంకెలు ఇచ్చి ఉంటే మీరే సరిచూసుకోవచ్చు. ఒక్కో బడ్ 40, రెండూ కలిపి 80 ఎంఏహెచ్. కేస్ 400 అనుకుందాం. భాగిస్తే ఐదు సార్లు నిండాలి. కేస్ నుంచి బడ్‌లోకి కరెంటు మారేటప్పుడు కొంత వేడిగా పోతుంది కాబట్టి నిజంగా నిండేది నాలుగు సార్ల లోపే. బడ్ ఆరు గంటలు వస్తే మొత్తం ఆరు, దానికి నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, అంటే ముప్ఫై గంటలు. ఇవే అంకెల మీద ఎవరైనా "60 గంటలు" అని రాస్తే ఆ పేజీలో మిగతా మాటలనూ అంతే జాగ్రత్తగా చదవండి.

బడ్‌లో ఉండేది గోరంత లిథియం బ్యాటరీ. కొన్ని వందల సార్లు ఛార్జ్ అయ్యాక దాని సత్తా తగ్గుతుంది. మార్చడానికి వీల్లేకుండా అతికించేస్తారు. రోజూ వాడితే రెండేళ్లకు ఎనిమిది గంటల బడ్ ఐదారు గంటలకు, ఐదు గంటలది మూడున్నరకు రావడం మామూలే. మీకు రోజూ మూడు గంటలు చాలన్నా, కొనేటప్పుడు ఏడు గంటలది చూడమనేది ఇందుకే.

డ్రైవర్, కోడెక్, వెర్షన్: త్వరగా ముగిద్దాం

డ్రైవర్ 10 మి.మీ. అయినా 13 మి.మీ. అయినా నాణ్యత దాని సైజు నుంచి రాదు, కంపెనీ శ్రుతి చేసిన తీరు నుంచి వస్తుంది. బ్లూటూత్ 5.3, 5.4 మధ్య పాటలో తేడా వినబడదు. 5.0 కన్నా పాతది కాకపోతే చాలు.

కోడెక్ అంటే ఫోన్ నుంచి బడ్‌కు పాటను కుదించి పంపే పద్ధతి. ఎస్‌బీసీ అన్నిటిలోనూ ఉంటుంది. ఐఫోన్ వాడేవాళ్లకు ఏఏసీ ఉంటే చాలు, ఐఫోన్ ఎల్‌డీఏసీని పంపదు. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డీఏసీ సెకనుకు 990 కిలోబిట్ల వరకు పంపగలదు. కానీ రద్దీలో సిగ్నల్ తెగకుండా ఉండటానికి 330కి దిగిపోతుంది, బ్యాటరీ ఎక్కువ తింటుంది, కొన్ని మోడళ్లలో దాన్ని పెడితే రెండు పరికరాల కనెక్షన్ ఆగిపోతుంది. యూట్యూబ్‌లో పాటలు వినేవాళ్లు దీనికోసం ఐదొందలు ఎక్కువ పెట్టాల్సిన పనిలేదు.

గేమ్స్ ఆడేవాళ్లు మాత్రం ఆలస్యం సంగతి పట్టించుకోవాలి. వీడియో యాప్‌లు శబ్దం ఆలస్యాన్ని లెక్కేసి బొమ్మను వెనక్కి జరుపుతాయి, అందుకే సినిమాలో పెదాలూ మాటా కలుస్తాయి. గేమ్ అలా ఆగలేదు. తుపాకీ పేలాక శబ్దం రావడం తెలిసిపోతుంది. గేమింగ్ మోడ్ దీన్ని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. పోటీగా ఆడేవాళ్లకు ఇప్పటికీ వైరు ఇయర్‌ఫోనే సరైనది.

నీటి సంగతి: ఐపీఎక్స్4 అంటే ఏ వైపు నుంచి తుంపర్లు పడ్డా ఫర్వాలేదని. ఐపీఎక్స్5 అంటే పైపుతో చిమ్మే నీటికీ తట్టుకుంటుందని. ఐపీ55లో మొదటి ఐదు దుమ్ముకు సంబంధించింది, ఎక్స్ ఉంటే దుమ్ము పరీక్ష అంకె ఇవ్వలేదని అర్థం. ఈ రేటింగ్ చాలా మోడళ్లలో బడ్స్‌కే, కేస్‌కు ఉండదు. చెమట పట్టిన బడ్‌ను తడిగానే కేస్‌లో పెడితే ఉప్పు నీరు ఛార్జింగ్ పిన్నుల మీద ఎండి పచ్చగా, నల్లగా మచ్చ కడుతుంది. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో నడక అయ్యాక బడ్‌ను బనీను గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనిచ్చాకే కేస్‌లో పెట్టండి.

ల్యాప్‌టాప్‌తో వాడేవాళ్లకు

మీటింగ్ మొదలవగానే సౌండ్ పాత రేడియోలా అయిపోతే బడ్స్ పాడైనట్టు కాదు. బ్లూటూత్‌లో మైకు తెరుచుకోగానే పాటల దారి మూసుకుని కాల్స్ దారి తెరుచుకుంటుంది, అందులో పట్టే శబ్దం తక్కువ. దీనికి ఖర్చులేని మందు ఉంది. మీటింగ్ యాప్ సెట్టింగుల్లో స్పీకర్‌గా బడ్స్‌ను, మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. వినికిడి మళ్లీ నిండుగా వస్తుంది. గది ప్రశాంతంగా ఉంటే మీ గొంతు కూడా అవతలివాళ్లకు మెరుగ్గా వెళుతుంది.

ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఒకేసారి కలిసి ఉండాలంటే "మల్టీపాయింట్" లేదా "డ్యుయల్ కనెక్షన్" అనే మాట ఉండాలి. "రెండు పరికరాలతో పెయిర్ అవుతుంది" అని మాత్రమే ఉంటే అది రెండింటినీ గుర్తుపెట్టుకుంటుందేమో గానీ, కలిసేది ఒకదానితోనే కావొచ్చు. అమ్మకం పేజీలోని ప్రశ్నలూ జవాబుల భాగంలో ఇది అడిగి, తేలాకే కొనండి.

కొనేచోట

ముందు వారంటీ చూడండి. ఎక్కువ కంపెనీలు ఏడాది ఇస్తాయి. దాన్ని ఎక్కడ అమలు చేస్తారన్నదే ప్రశ్న. కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి సర్వీస్ సెంటర్ ఉందా, కొరియర్ వచ్చి తీసుకెళుతుందా, మనమే పంపాలా తెలుసుకోండి. ఒక బడ్ పారేసుకుంటే విడిగా అమ్ముతారా అని కూడా అడగండి. నీళ్లలో పడి పాడైతే ఐపీ రేటింగ్ ఉన్నా చాలా వారంటీలు వర్తించవు.

ఆన్‌లైన్‌లో అమ్మకందారు పేరు చూసి, కంపెనీ అధికారిక దుకాణమో, మంచి రేటింగ్ ఉన్నవాళ్లో అయితేనే తీసుకోండి. "ఏడు రోజుల రీప్లేస్‌మెంట్" అంటే లోపం ఉంటే అదే వస్తువు మరొకటి ఇస్తారు, సాధారణంగా డబ్బు వెనక్కి రాదు. "రిటర్న్" అని ఉంటేనే డబ్బు వస్తుంది. చెవికి కుదరకపోతే అనే ప్రమాదం ఉన్న సరుకు కాబట్టి వంద రూపాయలు ఎక్కువైనా రిటర్న్ ఉన్నచోట కొనడం లాభం.

నకిలీల బెడద ఫుట్‌పాత్ మీదే కాదు, ఆన్‌లైన్‌లోనూ ఉంది. డబ్బా మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితో ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, వస్తువు రకం చూపిస్తుంది. అవి డబ్బా మీది వివరాలతో కలవాలి. బిల్లు మీ పేరు మీద తీసుకుని పీడీఎఫ్ మెయిల్‌లో దాచుకోండి. పార్శిల్ విప్పేటప్పుడు లేబుల్ నుంచి బడ్స్ వరకు ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఖాళీ డబ్బా వచ్చినా, ఒక బడ్ లేకపోయినా అదే మీ సాక్ష్యం.

మొదటి వారంలో చేయాల్సిన పరీక్ష

ఈ వారం మీ చేతిలో ఉన్న అసలైన ఆయుధం. వాయిదా వేయకుండా ఈ వరసలో చేయండి.

1. బడ్స్‌ను కేస్‌లోంచి తీసి లోహపు చుక్కల మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి పీకేయండి. కొత్త బడ్స్ ఛార్జ్ కావడం లేదన్న ఫిర్యాదుల్లో ఎన్నో ఈ పొరతోనే తీరిపోతాయి.

2. కేస్‌ను పూర్తిగా నింపండి. రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరుతో ఛార్జ్ ఎక్కకపోతే, ఒక వైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న వైరు వాడి చూడండి. కొన్ని చవక కేస్‌లలో టైప్-సీ ఛార్జర్‌కు కావలసిన చిన్న రెసిస్టర్లు వేయరు, అందుకే అది కరెంటు వదలదు. అయినా ఎక్కకపోతే అప్పుడు లోపం అనుకోవాలి.

3. కంపెనీ యాప్ వేసుకుని ఫర్మ్‌వేర్ (బడ్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి. ఆ సమయంలో బడ్స్‌ను కదపకండి.

4. మీకు బాగా తెలిసిన పాట, మృదంగం స్పష్టంగా ఉన్నది ఒకటి పెట్టండి. ఎడమ మూత మీద లోతైన "తోం", కుడి మూత మీద గట్టి "నం" విడివిడిగా వినబడాలి. రెండూ కలిసి ఒకే దబదబగా మారితే, లేదా ఆ మోత గాయకుడి గొంతును మింగేస్తే బేస్ ఎక్కువైంది. ఈక్వలైజర్‌లో 60 నుంచి 250 హెర్ట్జ్ మధ్య గీతలను మూడు డెసిబెల్స్ దించి మళ్లీ వినండి. అప్పటికీ గొంతు వెనకే ఉంటే శ్రుతి లోపం.

5. మైకు పరీక్ష. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో చేయకండి, చాలా ఫోన్లు అప్పుడు ఫోన్ మైకునే వాడతాయి. ఇంట్లో ఒకరికి నిజంగా కాల్ చేయండి, ఫోన్‌ను వేరే గదిలో ఉంచండి. "శంకరశాస్త్రి సైకిల్ మీద శనివారం సంతకు వెళ్లాడు" లాంటి శ, స ఎక్కువగా ఉన్న వాక్యం చదవండి. స బదులు ఫ వినబడుతోందా, మాట చివర తెగుతోందా అడగండి. తర్వాత టేబుల్ ఫ్యాన్ ముందు నిలబడి ఒక ఫోన్ నంబరు చెప్పండి, అవతలివాళ్లు రాసుకోవాలి. పదంకెల్లో రెండు తప్పు పడితే ఆరుబయట ఆ బడ్ మీద మాట్లాడటం కష్టం. చివరగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు ఒకసారి. విజిల్ ఆగాక కూడా మీ గొంతు రెండు క్షణాలు వినబడకుండా పోతే ఈఎన్‌సీ అతిగా పనిచేస్తోందని అర్థం.

6. ఫోన్‌ను వెనక జేబులో పెట్టుకుని రోడ్డు మీద పది నిమిషాలు నడవండి. మన ఒంట్లోని నీరు బ్లూటూత్ తరంగాలను పీల్చేస్తుంది, బలహీనమైన యాంటెన్నా ఇక్కడే బయటపడుతుంది. ఇంట్లో బాగుండి, అమీర్‌పేట మెట్రో స్టేషన్ రద్దీలో ఒకటీ అరా సార్లు తెగడం సహజం. ఖాళీ వీధిలో తెగుతుంటే తిరిగి ఇవ్వండి.

7. ఒక బడ్ కేస్‌లో ఉంచి రెండోది ఒక్కటే వాడి చూడండి, తర్వాత మార్చి చూడండి. రెండూ విడిగా పనిచేయాలి.

8. ఒక సెలవు రోజు నిండు ఛార్జ్ నుంచి ఆగేదాకా వాడి గంటలు రాసుకోండి. కుడి ఎడమల మధ్య అరగంటకు మించి తేడా ఉంటే ఒక బ్యాటరీ నీరసంగా ఉన్నట్టే.

వాల్యూమ్ గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్. శబ్దం 90కి పెరిగితే పెద్దలకు వారానికి నాలుగు గంటలే. బిగువు కుదిరిన బడ్‌తో సగం వాల్యూమ్‌లోనే అన్నీ వినబడతాయి. బండి నడిపేటప్పుడు, పట్టాలు దాటేటప్పుడు రెండు చెవుల్లోంచీ తీసేయండి.

తర్వాత వచ్చే చిక్కులు

ఒక వైపు సౌండ్ తగ్గిపోతే ముందు రబ్బరు తీసి జాలీ చూడండి. గులిమి పేరుకుని ఉంటుంది. బడ్‌ను జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి టూత్‌బ్రష్‌తో దులపండి. సూది, పిన్నీసు పెట్టకండి, జాలీ చిరిగి గులిమి డ్రైవర్ మీద పడుతుంది. రబ్బర్లను సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాక తొడగండి. జాలీ శుభ్రంగానే ఉన్నా తేడా పోకపోతే ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో కుడి ఎడమల బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడండి. వేలు తగిలి జరిగిపోవడం జరుగుతుంటుంది.

ఒక బడ్ అసలు కలవకపోతే అది ఛార్జ్ కాలేదేమో మొదట అనుమానించండి. బడ్ అడుగు చుక్కలను, కేస్ లోపలి పిన్నులను ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపిన దూది పుల్లతో తుడిచి ఆరనిచ్చి, అరగంట ఛార్జ్‌లో పెట్టండి. అయినా కుదరకపోతే ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి బడ్స్‌ను తీసేయండి. రెండు బడ్స్‌నూ కేస్‌లో పెట్టి మీ మోడల్ కాగితంలో చెప్పినట్టు రీసెట్ చేసి, కొత్తగా కలపండి. ఇల్లంతా వెతికి ఆ కాగితం దొరక్క ఇబ్బంది పడేవాళ్లు చాలామంది, కాబట్టి మొదటి రోజే దాని ఫోటో తీసి బిల్లుతో పాటు పెట్టుకోండి.

వారంటీలో ఉండగా కంపెనీ జవాబివ్వకపోతే ఫిర్యాదు నంబరు, బిల్లు, పంపిన మెయిళ్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వారంటీ ముగిసి, గంట కూడా నిలవని బడ్స్‌ను చెత్తబుట్టలో వేయకండి. అందులోని లిథియం సెల్ చెత్త బండిలో నలిగితే నిప్పంటుకోవచ్చు, అందుకే ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.